క్రియాటినిన్ చెప్పని సంగతి: యువతలో మధుమేహం, సన్న రక్తనాళాలు

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు అనగానే ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేది ఉద్దానమే. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఏళ్ళ తరబడి సాగుతున్న ఆ వ్యథ జిల్లా ప్రజల నోట ఒక వైద్య పదాన్ని స్థిరపరిచింది. ఆ పదం క్రియాటినిన్. రక్తంలోంచి కిడ్నీ వడపోసి మూత్రంలోకి పంపే వ్యర్థ పదార్థమది; కిడ్నీ పని తగ్గితే రక్తంలో దాని అంకె పెరుగుతుంది. బడి ముఖం చూడని వృద్ధురాలు కూడా పక్కింటివారిని ‘క్రియాటినిన్ ఎంతొచ్చింది’ అని అడిగే ప్రాంతం ఇంకొకటి ఉంటుందో లేదో తెలియదు. అయితే ఈ పరిజ్ఞానమే మరొక జబ్బు విషయంలో దారి తప్పిస్తోంది. ఇరవైలలో, ముప్పైలలో ఉన్న మధుమేహ రోగి కూడా కిడ్నీ బాగుందో లేదో తేల్చుకోవడానికి ఆ ఒక్క పరీక్షే చేయించుకుని, అంకె ఒకటి లోపల ఉందని చూసి నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోతున్నాడు. మధుమేహం కిడ్నీని దెబ్బతీసే తొలి సంవత్సరాలలో క్రియాటినిన్ మామూలుగానే ఉంటుంది; చాలామందిలో మామూలు కంటే మెరుగ్గా కూడా కనిపిస్తుంది.

ఈ తేడాకు మూలం దెబ్బ తగిలే చోటులో ఉంది. ఒక్కొక్క కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత ఘటకాలు ఉంటాయి. ప్రతి ఘటకానికీ మొదట సన్నని రక్తనాళాల ముద్ద ఒకటి, దాని వెనుక పొడవాటి గొట్టం ఒకటి ఉంటాయి. ఉద్దానంలో కనిపించే జబ్బు ప్రధానంగా ఆ గొట్టాలకూ, వాటి చుట్టూ ఉండే కణజాలానికీ సంబంధించినది. అక్కడి రోగుల్లో అత్యధికులకు మధుమేహం ఉండదు, మూత్రంలో ప్రోటీన్ కూడా పెద్దగా పోదు. అందువల్ల అక్కడ క్రియాటినిన్ మీద ఆధారపడటంలో తప్పు లేదు. మధుమేహం మాత్రం గొట్టం దాకా రాకముందే ముద్దను పట్టుకుంటుంది. ఆ ముద్ద అంతా కేశనాళికలే, అంటే శరీరంలో అన్నిటికంటే సన్నని రక్తనాళాలే. వాటి గోడ వదులైనప్పుడు రక్తంలో ఉండవలసిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కొద్దికొద్దిగా మూత్రంలోకి జారిపోతుంది. ఆ జారుడును కొలిచే పరీక్ష వేరు, క్రియాటినిన్ వేరు.

కేశనాళిక ఎంత సన్ననిదో ఊహించడం కష్టం. దాని లోపలి వ్యాసం 5 నుంచి 10 మైక్రాన్ల వరకు ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎర్ర రక్తకణం వెడల్పు 7 మైక్రాన్లకు పైనే కాబట్టి, చాలా చోట్ల ఆ కణం ఒళ్ళు వంచుకుని, ఒకదాని వెనుక ఒకటిగా, గట్టు మీద నడిచే మనుషుల వరుసలా సాగిపోవలసిందే. రక్తం ప్రాణవాయువును, ఆహారాన్ని కణజాలానికి అందించేది ఈ ఇరుకులోనే. పెద్ద ధమనులు కాలువలైతే పంట తడిసేది మాత్రం ఈ పిల్ల బోదెల దగ్గర.

రక్తంలో చక్కెర పెరిగినప్పుడు శరీరంలోని కణాలన్నీ ఒకే విధంగా దెబ్బతినవు. కండర కణం చక్కెరను ఇన్సులిన్ అనుమతి మీదనే లోపలికి తీసుకుంటుంది. వెలుపల చక్కెర ఎక్కువైతే తన ద్వారాలను తగ్గించుకోగలదు. రక్తనాళాల లోపలి పొరగా పరుచుకున్న కణాలకు ఆ వెసులుబాటు లేదు. రక్తంలో ఎంత చక్కెర ఉంటే ఇంచుమించు అంతా వాటి లోపలికి చేరుతుంది. కంటి వెనుక తెరలాంటి రెటీనాలోని కణాలు, కిడ్నీ ముద్దలోని కణాలు, నరాలకు తొడుగు కట్టే కణాలు కూడా ఇదే కోవకు చెందినవి. మధుమేహం ఇన్ని అవయవాలుండగా ప్రత్యేకించి కన్ను, కిడ్నీ, నరాలనే ఎందుకు ఎంచుకుంటుందన్న ప్రశ్నకు ఇది పెద్ద సమాధానం. కణం లోపల పోగుపడిన చక్కెర దారి మళ్ళి హానికర రసాయనాలుగా మారుతుంది, ప్రోటీన్లకు అంటుకుని వాటిని బిరుసెక్కిస్తుంది, నాళం గోడకు ఆధారంగా ఉండే పొరను మందం చేస్తుంది. గోడ మందమైందంటే గట్టిపడిందని అనుకుంటారు గానీ, ఇక్కడ జరిగేది అందుకు విరుద్ధం. పొర మందమవుతూనే చిల్లులు పడి కారడం మొదలవుతుంది.

కంటిలో ఈ క్రమం మరీ స్పష్టం. రెటీనాలోని కేశనాళికలను బయటి నుంచి పట్టి ఉంచే పెరిసైటులనే కణాలు ఉంటాయి. శరీరంలో మరెక్కడా లేనంత దట్టంగా, లోపలి పొర కణం ఒక్కొక్కదానికి ఇంచుమించు ఒకటి చొప్పున ఇవి అక్కడ కనిపిస్తాయి. మధుమేహంలో తొలుత రాలిపోయే వాటిలో ఇవి ముఖ్యమైనవి. పట్టు తప్పిన చోట నాళం గోడ చిన్న బుడగలా ఉబ్బుతుంది; కంటి వైద్యులు వెదికే తొలి గుర్తు ఆ ఉబ్బే. తర్వాత కొన్ని నాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని రెటీనా తనకు కొత్త నాళాలు కావాలని వి.ఇ.జి.ఎఫ్. అనే రసాయనం ద్వారా సంకేతం పంపుతుంది. అలా పుట్టే కొత్త నాళాలు చేవలేనివి, తేలికగా చిట్లేవి. అవి చిట్లి కంటిలో రక్తం నిండిన రోజునే రోగికి తొలిసారి తేడా తెలియవచ్చు. అంతవరకు బోర్డు మీద చివరి వరుస అక్షరాలు కూడా చదివి 6/6 చూపు ఉందని రాయించుకున్న యువకుడి రెటీనాలో ప్రమాదకరమైన మార్పులు ఉండవచ్చు. అద్దాల దుకాణంలో చేసే చూపు పరీక్షను కంటి పరీక్షగా లెక్కించడం ఇందుకే సరికాదు. కనుపాపకు చుక్కల మందు వేసి, పాప విచ్చుకున్నాక రెటీనాను చూడటమో, ఫోటో తీయడమో జరగాలి. హెల్మ్‌హోల్ట్జ్ 1851లో కంటి లోపలిని చూసే పరికరం తయారుచేసిన నాటి నుంచి, శరీరాన్ని కోయకుండానే సన్న రక్తనాళాలను నేరుగా చూడగలిగే కిటికీ ఇదొక్కటే అన్నంత పని చేస్తోంది.

కిడ్నీలో జరిగేది ఇంకా మోసపూరితం. ముద్దలోకి రక్తం తెచ్చే నాళం వెడల్పై, బయటికి పంపే నాళం ఇరుకుగానే ఉండటంతో లోపల ఒత్తిడి పెరుగుతుంది. దాంతో వడపోత మామూలు కంటే వేగంగా సాగుతుంది. క్రియాటినిన్ మెరుగ్గా కనిపించడానికి కారణం ఈ అతి పనే. ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడికి లోనైన ముద్దలు ఒక్కొక్కటిగా గడ్డకట్టి మూతపడుతుంటే, మిగిలినవి వాటి పనిని కూడా తలకెత్తుకుంటాయి. అందుకే క్రియాటినిన్ పైకి కదిలేసరికి సగానికి పైగా సామర్థ్యం పోయి ఉండవచ్చు. ఆల్బుమిన్ మాత్రం ముందే చెబుతుంది. మూత్రంలో ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే తొలి హెచ్చరిక. 300 దాటితే జబ్బు స్థిరపడినట్టు. ఈ పరీక్షకు కావలసినది చిన్న సీసాడు మూత్రం, వీలైతే తెల్లవారి మొదటిది. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి, ముందురోజు చేసిన విపరీతమైన శ్రమ దీన్ని తాత్కాలికంగా పెంచగలవు కాబట్టి, మూడు నుంచి ఆరు నెలల్లో చేసిన మూడు పరీక్షల్లో రెండు ఎక్కువ వస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. మూత్రం నురగ కట్టడం చూసి కనిపెట్టవచ్చులే అనుకోవడం ఆలస్యమే అవుతుంది. నురగ కనిపించేది ప్రోటీన్ బాగా పోతున్నప్పుడు.

నరాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. నరాలకూ వాటి సొంత సన్న రక్తనాళాలు ఉంటాయి. అవి దెబ్బతిన్నప్పుడు అన్నిటికంటే పొడవైన నరాల చివరలు ముందుగా మూగబోతాయి. అందుకే అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు కాలివేళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతాయి. మంట పుట్టినవాడు వైద్యుడి దగ్గరికి వస్తాడు. స్పర్శ చల్లగా, సద్దులేకుండా పోయినవాడు రాడు. ఊడుపుల కాలంలో మడిలో ఉత్త కాళ్ళతో దిగి, ముల్లో గాజుపెంకో దిగబడినా తెలియక, పుండు ముదిరాక వస్తాడు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ తంతువుతో పాదాన్ని తాకి చూడటం అయిదు నిమిషాల పని.

ఇంతకీ ‘యువత’ అని ప్రత్యేకంగా ఎందుకు అనవలసి వస్తోంది? కారణం కాలం. సన్న రక్తనాళాలకు జరిగే హాని, చక్కెర ఎంత ఎక్కువగా ఉంది అన్నదానితో పాటు ఎన్నేళ్ళుగా ఉంది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. అరవయ్యో ఏట మధుమేహం వచ్చినవారికి ఇరవై ఏళ్ళ గడువు దాటేసరికి ఎనభై వస్తాయి. పద్దెనిమిదో ఏట వచ్చినవారికి అదే గడువు ముప్పై ఎనిమిదికే ముగుస్తుంది. అప్పటికి పిల్లలింకా బడిలో ఉంటారు. ఒక విధంగా ఈ జబ్బు బతికి బట్టకట్టిన వారి జబ్బు. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ బాలుడికి తొలి ఇన్సులిన్ సూది వేసేంతవరకు, చిన్నతనంలో మధుమేహం వచ్చిన పిల్లలు నెలల్లో, మహా అయితే కొద్ది ఏళ్ళలో చనిపోయేవారు. కన్ను, కిడ్నీ చెడేంత ఆయుష్షే ఉండేది కాదు. ఇన్సులిన్ ప్రాణం నిలబెట్టాకనే ఈ రెండో ప్రమాదం వైద్యుల కళ్ళముందుకు వచ్చింది.

చక్కెరను అదుపులో ఉంచితే ఈ హాని ఆగుతుందా అన్న వాదం దశాబ్దాల పాటు తెగలేదు. అమెరికా, కెనడాలలో 1983 నుంచి 1993 వరకు 13 నుంచి 39 ఏళ్ళ మధ్య వయసున్న 1,441 మంది మొదటి రకం (శరీరంలో ఇన్సులిన్ తయారీయే ఆగిపోయే) మధుమేహ రోగుల మీద జరిగిన డీసీసీటీ అధ్యయనం ఆ వాదాన్ని ముగించింది. మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ ఒక జట్టులో 7 శాతం దగ్గర, రెండో జట్టులో 9 శాతం దగ్గర నిలిచింది. రెటీనా జబ్బు అప్పటికి లేనివారిలో అది కొత్తగా వచ్చే ముప్పు మొదటి జట్టుకు 76 శాతం తగ్గింది. చక్కెర మరీ పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఆ జట్టులోనే మూడింతలు పెరిగిందన్నది కూడా మరిచిపోరాదు. గట్టి అదుపు ఉచితంగా రాదు. అసలు ఆశ్చర్యం ఆ తర్వాత వెల్లడైంది. అధ్యయనం ముగిశాక రెండు జట్ల సగటులూ ఇంచుమించు 8 శాతం దగ్గర కలిసిపోయినా, తొలి ఏళ్ళలో అదుపు తప్పినవారి కళ్ళూ కిడ్నీలూ ఏళ్ళ తరబడి వెనుకబడే ఉన్నాయి. అంటే రక్తనాళాల గోడలు పాత లెక్కలు మరిచిపోవు. ‘చిన్న వయసే కదా, పెళ్ళయ్యాక, ఉద్యోగం కుదిరాక చూసుకోవచ్చు’ అని వాయిదా వేసే కుటుంబాలకు ఈ ఫలితం ఒక్కటి అర్థమైతే చాలు.

మొదటి రకం వచ్చిన పిల్లవాడిని కనీసం అందరూ రోగిగా గుర్తిస్తారు. చిక్కిపోతాడు, దాహం, అతిమూత్రం ఉంటాయి, ఇన్సులిన్ లేనిదే నిలవడు. కౌమారంలో, ఇరవైలలో వచ్చే రెండో రకానిది (ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయనిది) వేరే తీరు. ఇది సద్దు చేయదు, మాత్రలతో గడుస్తుంది, అందుకే తేలికైనదని పేరుబడింది. ఆ పేరు తప్పు. 10 నుంచి 17 ఏళ్ళ వయసులో రెండో రకం వచ్చిన సుమారు 700 మందిని అమెరికాలో వెంబడించిన టుడే అధ్యయనం ఫలితాలు 2021లో వెలువడ్డాయి. సగటున 26 ఏళ్ళ వయసుకే, జబ్బు బయటపడి 13 ఏళ్ళు దాటేసరికే, అయిదుగురిలో ముగ్గురికి సన్న రక్తనాళాలకు సంబంధించిన సమస్య కనీసం ఒకటి ఏర్పడింది. అక్కడే మరో అధ్యయనం 2017లో రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూసింది: ఇరవై ఒక్క ఏళ్ళ సగటు వయసులో, సుమారు ఎనిమిదేళ్ళ జబ్బు తర్వాత, కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు మొదటి రకంలో 5.8 శాతం మందిలో ఉంటే రెండో రకంలో 19.9 శాతం మందిలో కనిపించాయి. ఇవి అమెరికా పిల్లల అంకెలు. యథాతథంగా ఇక్కడ అన్వయించడం తగదు. అయినా భారతీయులకు తక్కువ బరువుకే, తక్కువ వయసుకే రెండో రకం వస్తుందన్నది స్థిరపడిన విషయం కాబట్టి, వాటిని పరాయి లెక్కలని తోసిపుచ్చడం అంతకంటే తగదు.

పరీక్షల వేళలు కూడా ఈ తేడా నుంచే వచ్చాయి. మొదటి రకానికి ఆరంభం స్పష్టం కాబట్టి, యుక్తవయసు మొదలయ్యాక, జబ్బు వచ్చి మూడు నుంచి అయిదేళ్ళు నిండాక కన్ను, మూత్ర ఆల్బుమిన్, పాదాల పరీక్షలు మొదలుపెడతారు. రెండో రకం ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. పైడిభీమవరం మందుల కర్మాగారంలో చేరబోయే ముందు చేసిన రక్తపరీక్షలోనో, విజయనగరంలో కాన్పుకు వచ్చినప్పుడో అనుకోకుండా బయటపడుతుంది. అందువల్ల బయటపడిన రోజే మూడు పరీక్షలూ చేసి, ఆపై ఏటా కొనసాగించాలి. ఆచరణలో జరుగుతున్నది వేలికొన గుచ్చి చక్కెర చూడటం, మాత్ర రాయడం, మహా అయితే క్రియాటినిన్.

ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైన చిక్కు హెచ్‌బీఏ1సీలోనే దాగి ఉంది. ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను కొలిచే ఆ పరీక్ష, ఆ కణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీద నిలబడి ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బులో అవి తొందరగా నశిస్తాయి, అంకె అసలు కంటే తక్కువగా వస్తుంది. ఇనుము లోపించిన రక్తహీనతలో అది అసలు కంటే ఎక్కువగా రావచ్చు. పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీలో (2022 ఏప్రిల్ నుంచి ఇది పార్వతీపురం మన్యం జిల్లా) గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది. ఇనుము లోపం యువతుల్లో మైదానంలోనూ కొండమీదా మామూలే. ఇలాంటివారి విషయంలో పరగడుపున, భోజనం తర్వాత చూసిన చక్కెరతో పోల్చకుండా ఆ ఒక్క అంకెనే నమ్మడం చిక్కు తెచ్చిపెడుతుంది. ‘సగటు ఆరున్నరే, బాగానే ఉంది’ అన్న సంతోషం వెనుక రెటీనా కారుతూ ఉండవచ్చు.

గర్భం మరొక మలుపు. మధుమేహం ముందునుంచే ఉన్న యువతికి గర్భకాలంలో రెటీనా జబ్బు వేగంగా ముదరవచ్చు. గర్భం దాల్చే ముందు గానీ, మొదటి మూడు నెలల్లో గానీ కంటి లోపల చూడటం తప్పనిసరి. కిడ్నీని కాపాడేందుకు వాడే ఏస్ ఇన్‌హిబిటర్లు, ఏఆర్‌బీలనే రక్తపోటు మందులు గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి కాబట్టి, వాటిని ముందే మార్పించుకోవాలి. పెళ్ళి సంబంధం చెడుతుందని అమ్మాయి సుగరు దాచే ఇళ్ళలో ఈ రెండు జాగ్రత్తలూ దాదాపు అసాధ్యం.

వలస సంగతి చెప్పకుండా ఈ జిల్లాల ఆరోగ్యం గురించి మాట్లాడటం కుదరదు. ఎచ్చెర్ల తీరపు మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్ళి నెలల తరబడి పడవల మీద ఉంటారు. తాపీ పని, నిర్మాణ పనులకు హైదరాబాద్, చెన్నై వెళ్ళేవారికి లెక్కలేదు. వాడుతున్న ఇన్సులిన్‌ను చల్లని చోట, ఎండ తగలకుండా ఉంచితే ఇంచుమించు నెలరోజులు పనిచేస్తుంది. పడవ మీద ఎండలో ఉడికితే బలం కోల్పోతుంది. ఎప్పటికప్పుడు కొత్త వైద్యుడు, కొత్త చీటీ కావడంతో కిందటేడు ఆల్బుమిన్ ఎంత ఉందో పోల్చి చూసే కాగితం ఎవరి దగ్గరా ఉండదు. సన్న రక్తనాళాల విషయంలో ఒక్క రోజు అంకె కంటే, ఏటికేడు అది ఎటు కదులుతోందన్నదే ముఖ్యం.

ముందే పట్టుబడితే చేయగలిగింది కొంచెం కాదు. మూత్రంలో ఆల్బుమిన్ కనిపించినప్పుడు ముద్దలోని ఒత్తిడిని తగ్గించే ఏస్ ఇన్‌హిబిటర్లు కిడ్నీని కాపాడతాయని మొదటి రకం రోగుల్లో 1993లోనే రుజువైంది. రెండో రకంలో, చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు ఆ రక్షణకు తోడయ్యాయి. మనదేశంలో వీటి పేటెంటు గడువు ముగిసి చవక రకాలు దొరుకుతున్నాయి. రెటీనాకు లేజర్, వి.ఇ.జి.ఎఫ్.ను అడ్డుకునే సూదులు ఉన్నాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏళ్ళ తరబడి పదకొండు, పన్నెండు శాతం దగ్గర ఉన్న సగటును కొద్ది నెలల్లో ఒక్కసారిగా దించితే రెటీనా జబ్బు తాత్కాలికంగా ముదరవచ్చు. అదుపు మానుకోమని దీని అర్థం కాదు. దించే ముందు కన్ను చూడాలని అర్థం.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. అటువంటి చోటికి కవిటి నుంచి ముప్పై రెండేళ్ళ మధుమేహ రోగి, క్రియాటినిన్ రెండు దాటి వచ్చాడనుకుందాం. ఇది సుగరు వల్ల వచ్చిందా, ఉద్దానం జబ్బా? ఊళ్ళో ఈ ప్రశ్న తలెత్తదు. ఊరి పేరే జవాబు చెప్పేస్తుంది. ఆ మధ్యలో రోగికి మాత్రల అవసరం తగ్గి, సుగరు దానంతట అదే దిగివచ్చినట్టు కూడా కనిపించవచ్చు. కిడ్నీ చెడినప్పుడు ఇన్సులిన్ శరీరంలో ఎక్కువసేపు నిలవడం దానికి కారణం. ఇంటిల్లిపాదీ దాన్ని శుభవార్తగా తీసుకోవడం పరిపాటి. జవాబుకు దారి చూపేది మళ్ళీ సన్న రక్తనాళాలే. మూత్రంలో ఆల్బుమిన్ అంతగా లేక, రెటీనా కూడా శుభ్రంగా ఉంటే మధుమేహాన్ని ముద్దాయిగా నిలబెట్టడం కష్టం, ముఖ్యంగా మొదటి రకంలో. ఎందుకంటే ఆ రకంలో కిడ్నీ, కన్ను దాదాపు ఎప్పుడూ జంటగానే చెడతాయి. రెండో రకంలో ఈ జంట అంత కచ్చితం కాదు, రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండే అవకాశమూ ఉంది. అప్పుడు కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడటమే మిగులుతుంది. కానీ అక్కడిదాకా వెళ్ళే ముందు కనుపాపలో వేయవలసిన చుక్కల మందు, సీసాడు మూత్రం కవిటిలోనే దొరుకుతాయి.